గిటార్ వాయించడం రాని లియో ఫెండర్

ఫెస్ట్‌కి ఇంకా ఆరు రోజులు ఉందనగా మా మ్యూజిక్ క్లబ్ ఆంప్ గొంతు పోయింది.

ఆంప్ అంటే గిటార్ యాంప్లిఫయర్. ఎప్పుడో పాసై వెళ్లిపోయిన సీనియర్ ఒకాయన అమెరికా నుంచి తెప్పించుకుని, వెళ్తూ వెళ్తూ క్లబ్‌కి వదిలేశారట. లోపల ట్రాన్సిస్టర్లు కాదు, గాజు ట్యూబులు ఉంటాయి. అది 110 వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి పక్కన ఇటుకంత స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఎప్పుడూ తోడుండాలి. ఆ సాయంత్రం మొదటి పది నిమిషాలు బాగానే మోగింది. తర్వాత సౌండ్ మెల్లగా దిగిపోయింది. వాల్యూమ్ తిప్పితే పెరగలేదు సరికదా, జలుబు చేసినవాడు గట్టిగా అరిచినట్టు బొంగురుగా, చీరుకుపోతూ వచ్చింది. అందరూ నా వైపు చూశారు. నేను చదివేది సీఎస్ఈ అని, ఆంప్‌కీ నాకూ ఏ సంబంధమూ లేదని చెప్పినా వినలేదు. ఇంజినీరింగ్ అంటే ఇంజినీరింగే కదా అన్నారు. ఇంట్లో మిక్సీ పాడైనప్పుడు మా అమ్మ కూడా ఇదే అంటుంది.

ఆ రాత్రి దాని గురించి వెతుకుతూ కూర్చుంటే ఒక సంగతి తెలిసింది. మా ఆంప్ మీద ఏ పేరు ఉన్నా, లోపలి సర్క్యూట్ మాత్రం 1950ల్లో లియో ఫెండర్ తయారుచేసిన ఒక చిన్న ఆంప్‌కి దాదాపు జిరాక్స్ కాపీ. ఫెండర్ అనే పేరు గిటార్ల మీద చూసి నాకు తెలుసు. అది ఒక మనిషి పేరని, ఆ మనిషి మొదట రేడియోలు రిపేరు చేసుకుని బతికాడని తెలియదు. ఇక ఆంప్ పక్కనపెట్టి తెల్లారేదాకా ఆయన గురించే చదివాను. చదివింది మీకు చెప్పాలనిపించి రాస్తున్నా. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, కొంచెం సర్దుకుపోండి.

పూర్తి పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. 1909 ఆగస్టు 10న కాలిఫోర్నియాలో, అనాహైమ్, ఫుల్లర్టన్ అనే రెండు ఊళ్ల మధ్య పుట్టాడు. అమ్మానాన్నలకి నారింజ తోట ఉండేది. ఇప్పుడు అనాహైమ్ అంటే డిస్నీలాండ్ గుర్తొస్తుంది కానీ అప్పట్లో అక్కడ ఎటు చూసినా తోటలే. ఎనిమిదేళ్ల వయసులో కంట్లో కణితి లేచి ఎడమ కన్ను తీసేయాల్సి వచ్చింది. ఇక జీవితమంతా గాజు కన్నే. ఒక్క కంటితో సన్న తీగలు అతికించడం ఎలా ఉంటుందో చూద్దామని నేను ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించడానికి ప్రయత్నించా. రెండు నిమిషాలు పట్టింది, వేలికి ఒకసారి గుచ్చుకుంది కూడా.

పదమూడేళ్లప్పుడు జరిగిన విషయం ఇంకా ముఖ్యం. శాంటా మరియా అనే ఊళ్లో వాళ్ల అంకుల్ ఒకాయన కార్ల కరెంటు పనులు చేసే షాపు నడిపేవాడు. ఆయన లియోకి ఒక పెట్టె పంపాడు. పనికిరాని రేడియో సామాన్లు, ఒక బ్యాటరీ, అంతే. మనలో చాలామందికి ఆ వయసులో సెకండ్ హ్యాండ్ ఫోన్ దొరికినట్టు అనుకోండి. ఆ తర్వాత లియో ఆ షాపుకి వెళ్తే, అంకుల్ పాత భాగాలతో తనే కట్టిన రేడియో ఒకటి వాకిట్లో పెద్ద స్పీకర్‌లో గట్టిగా మోగుతోంది. సంగీతం అంత గట్టిగా ఒక డబ్బాలోంచి రావడం ఆ పిల్లాడి బుర్రలో ఉండిపోయింది. స్కూల్లో ఉండగానే ఇంట్లో ఒక మూల కూర్చుని జనాల రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టాడు.

మరి చదివింది? అకౌంటింగ్. 1928లో హైస్కూల్ అయ్యాక ఫుల్లర్టన్ జూనియర్ కాలేజీలో చేరాడు. ఎలక్ట్రానిక్స్‌లో ఒక్క కోర్సు కూడా చేయలేదు. మన భాషలో చెప్పాలంటే బీకాం మనిషి. మొదట ఐస్ కంపెనీలో సరుకు డెలివరీ చేశాడు, అక్కడే లెక్కలు రాశాడు. 1934లో ఎస్తర్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కాలిఫోర్నియా హైవే డిపార్ట్‌మెంట్‌లో అకౌంటెంట్ ఉద్యోగం వచ్చింది, పోయింది. అది ఆర్థిక మాంద్యం కాలం. తర్వాత టైర్ల కంపెనీలో లెక్కల పని. ఆరు నెలలకి అక్కడి అకౌంటెంట్లతో పాటు ఈయన్నీ తీసేశారు. ప్లేస్‌మెంట్ సీజన్లో మా సీనియర్ల నోట రోజుకి పదిసార్లు వినే లేఆఫ్ అనే మాట లియోకి రెండుసార్లు తగిలింది.

1938లో 600 డాలర్లు అప్పు చేసి, భార్యతో ఫుల్లర్టన్‌కి తిరిగొచ్చి షాపు పెట్టాడు. పేరు ఫెండర్ రేడియో సర్వీస్. వయసు 29కి దగ్గర. చిన్నప్పటి నుంచి చేస్తున్న పని ఎదురుగా ఉండగా, ఉద్యోగాలన్నీ పోయేదాకా దాన్ని బతుకుతెరువుగా పెట్టుకోలేదు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

షాపులో రేడియోలు, రికార్డ్ ప్లేయర్లు బాగుచేసేవాడు, మైకు సెట్లు కట్టి అద్దెకిచ్చేవాడు. ఊళ్లో బ్యాండ్ వాళ్లు పాడైన ఆంప్‌లు, ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్లు మోసుకొచ్చేవాళ్లు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయించే ఆ గిటార్లు అప్పుడు బాగా నడుస్తున్నాయి. అలా ఏది ఎక్కడ పాడవుతుందో ఏళ్ల తరబడి చూశాడు. నా ఉద్దేశంలో ఆయన అసలు కాలేజీ ఆ షాపు బల్లే.

ఇక్కడ ట్యూబ్ గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే ముందుకెళ్లడం కష్టం. గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక చిన్న గొట్టం ఎర్రగా కాలుతూ ఉంటుంది. దాన్నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. కొంచెం దూరంలో ప్లేట్ ఉంటుంది, దానికి వందల వోల్టుల పాజిటివ్ కరెంట్. ఎలక్ట్రాన్లు అటు పరిగెడతాయి. మధ్యలో సన్న తీగ చుట్టిన గ్రిడ్. అది కుళాయి లాంటిది. గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని గ్రిడ్‌కి ఇస్తే, ఆ చిన్న కదలికకే ప్లేట్ వైపు పెద్ద ప్రవాహం ఎక్కువా తక్కువా అవుతుంది. పల్చటి సిగ్నల్ పెద్దదైంది. అయితే ప్రతి ట్యూబుకీ పైనా కిందా ఒక హద్దు ఉంటుంది. సిగ్నల్ హద్దు దాటితే అల పై భాగం కత్తిరించినట్టు చదునైపోతుంది. పిక్సెల్ విలువ 255 దాటితే 255 దగ్గరే ఆగిపోవడం సీఎస్ఈ వాళ్లకి తెలుసు కదా, అదే. మనకి వినిపించే బొంగురు అదే. దాన్నే డిస్టార్షన్ అంటాం.

గ్రిడ్ దగ్గర వోల్టేజ్ ఎక్కడుండాలో అక్కడ లేకపోతే, చిన్న సిగ్నల్‌కే ఒక వైపు హద్దు తగిలేస్తుంది. అప్పుడు సౌండ్ తక్కువా వస్తుంది, చీరుకుపోయీ వస్తుంది. మా ఆంప్‌లో జరిగింది ఇదేనని నాకు అప్పుడు తెలియదు. తెలిసిన ఆయన ఒకరు గుంటూరులో దొరికారు.

డెబ్బై దాటిన రేడియో మెకానిక్. ఇప్పుడు ఎక్కువగా మిక్సీలు, హోమ్ థియేటర్లు చూస్తారు కానీ కుర్రతనమంతా వాల్వు రేడియోల మీదే గడిచిందట. మనం ట్యూబ్ అనేదాన్ని ఆయన వాల్వు అంటారు, కెపాసిటర్‌ని కండెన్సర్ అంటారు. ఆంప్, ఇటుక ట్రాన్స్‌ఫార్మర్, గిటార్ అన్నీ ఆటోలో వేసుకుని వెళ్లాం. తాతగారూ ఇది గిటార్‌ది అని చెబితే, దేనిదైతే ఏంటి నాయనా వాల్వు వాల్వే అన్నట్టు చూసి అద్దాలు తుడుచుకున్నారు.

ముందు చేత్తో ఏదీ ముట్టుకోలేదు. పెన్సిల్ వెనక వైపుతో ఒక్కో వాల్వునీ మెల్లగా తట్టారు. గరగర ఏమీ రాలేదు. రేకు డబ్బాలోంచి పాత వాల్వులు తీసి ఒక్కొక్కటీ మార్చి చూశారు. తేడా లేదు. స్పీకర్ తీగలు విప్పి వేరే స్పీకర్ తగిలించారు. అదే బొంగురు. స్పీకర్ లేకుండా మాత్రం ఇలాంటి ఆంప్‌ని ఎప్పుడూ ఆన్ చేయొద్దని, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందని మధ్యలో చెప్పారు. అప్పుడు మీటర్ తీసి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో పెద్ద వాల్వు గ్రిడ్ దగ్గర పెట్టారు. అక్కడ సున్నా ఉండాలట. 9 వోల్టులు పాజిటివ్ చూపించింది. ఆ వాల్వుని పీకేసి మళ్లీ చూశారు. వోల్టేజ్ పోతే తప్పు వాల్వుది, ఉంటే కండెన్సర్‌ది. ఉంది. ముందు ట్యూబ్ నుంచి సిగ్నల్‌ని మాత్రమే పంపి, కరెంట్‌ని ఆపాల్సిన ఒక చిన్న కండెన్సర్, వేడెక్కే కొద్దీ కారుతోంది. అందుకే మొదటి పది నిమిషాలు బాగానే ఉండేది. వాల్వు రేడియోలు నడిచిన రోజుల్లో, సౌండ్ తగ్గి బొంగురు పోయిందని వచ్చిన సెట్లలో తను మొదట అనుమానించేది ఈ కండెన్సర్నేనని చెప్పారు.

స్విచ్ కట్టేసి ప్లగ్ పీకాక, ఇంట్లో దీని లోపల చెయ్యి పెట్టావా అని అడిగారు. పెట్టాను అన్నా. ముందు రోజు రాత్రి ప్లగ్ తీసేసి, తీగలు ఊడాయేమోనని వేళ్లతో కదిలించి చూశాను. ఆయన ఏమీ తిట్టలేదు. మీటర్‌ని పెద్ద కండెన్సర్ మీద పెట్టి నాకు చూపించారు. ప్లగ్ లేకపోయినా 200 పైనే ఉంది, మెల్లగా దిగుతోంది. రెండు వైపులా తొడుగు వేసిన రెసిస్టర్‌ని ఆనించి పట్టుకుంటే సున్నాకి వచ్చింది. అప్పుడు పని మొదలుపెట్టారు. నేను స్టూల్ కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చున్నా. ఆ రాత్రంతా నా వేళ్లు ఎక్కడెక్కడ తగిలాయో గుర్తుచేసుకుంటూనే ఉన్నా. దయచేసి ఎవరూ ఇది చదివి ట్యూబ్ ఆంప్ విప్పకండి.

కొత్త కండెన్సర్ పసుపు రంగుది, చింతగింజంత ఉంది. ఖరీదు 15 రూపాయలు. ఆయన కష్టానికి 200 తీసుకున్నారు.

1938లో లియో బల్ల మీదికి వచ్చిన రేడియోల్లో కండెన్సర్లు మైనం పూసిన కాగితంవి. అవి కారడం మామూలు సంగతి. ఆ కాలం రిపేరు వాళ్లందరిదీ ఇదే పద్ధతి: సిగ్నల్ ఎక్కడిదాకా బాగుందో చూడు, ఎక్కడ చెడిందో అక్కడ ఆగు. మనం కోడ్‌లో మధ్య మధ్యలో ప్రింట్ స్టేట్‌మెంట్లు పెట్టినట్టు.

యుద్ధం వచ్చింది. గాజు కన్ను వల్ల లియోని సైన్యంలోకి తీసుకోలేదు. ఆ రోజుల్లోనే డాక్ కాఫ్‌మన్ అనే సంగీతకారుడితో స్నేహం కుదిరింది. అతను అంతకుముందు రికెన్‌బ్యాకర్ గిటార్ల కంపెనీలో పనిచేశాడు. ఇద్దరూ కలిసి ఒక పికప్‌ని పరీక్షించడానికి గట్టి చెక్కతో మామూలు గిటార్ లాంటిది ఒకటి చేశారు. అది కేవలం టెస్టింగ్ కోసం. కానీ దాన్ని అద్దెకి అడిగే వాయిద్యగాళ్లు క్యూ కట్టారు. 1945లో ఇద్దరి పేర్లతో కె అండ్ ఎఫ్ అనే కంపెనీ పెట్టి స్టీల్ గిటార్లు, చిన్న ఆంప్‌లు చేశారు. డాక్‌కి అప్పులంటే భయం. 1946లో తప్పుకున్నాడు. లియో ఒక్కడే ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ అని బోర్డు మార్చాడు.

ఆయన ఆంప్‌లు చూస్తే రిపేరు మనిషి చేసినవని తెలిసిపోతుంది. ఏ సాకెట్‌లో ఏ ట్యూబ్ పెట్టాలో పెట్టె లోపలే కాగితం అంటించి ఉంటుంది. భాగాలన్నీ ఒకే అట్ట మీద వరసగా, ఏ తీగ ఎటు పోతోందో కనిపించేలా ఉంటాయి. కొన్ని మరలు విప్పితే మొత్తం బయటికి వస్తుంది. గుంటూరులో మా తాతగారు మూత తీసిన వెంటనే తల ఊపింది అందుకే అనుకుంటా. ఎప్పుడో, ఎక్కడో, తనకి తెలియని మనిషి ఒకడు దీన్ని విప్పుతాడని ఊహించి కట్టడం అన్నమాట. మా టీమ్ ప్రాజెక్ట్ కోడ్‌లో కామెంట్లు లేవని గుర్తొచ్చి సిగ్గేసింది.

గిటార్లూ అంతే. అప్పటి గిటార్లలో మెడని ఒంటికి జిగురుతో అతికించేవాళ్లు. మెడ వంగితే పెద్ద రిపేరు. లియో నాలుగు స్క్రూలతో బిగించాడు. పాడైతే విప్పి కొత్తది పెట్టుకో. 1950లో వచ్చిన ఆ గట్టి చెక్క గిటార్‌కి బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెట్టారు. గ్రెట్ష్ అనే కంపెనీ, ఆ పేరుతో మా డ్రమ్ములు ఉన్నాయని అభ్యంతరం చెప్పింది. స్టిక్కర్లు పారేయడం ఎందుకని, పేరున్న ముక్క కత్తిరించేసి కొన్నాళ్లు పేరు లేకుండానే అమ్మారు. 1951లో టెలికాస్టర్ అయింది. అదే ఏడాది ప్రిసిషన్ బాస్. మనిషంత ఎత్తు బాస్‌ని మోయలేక, బ్యాండ్ హోరులో అది వినిపించక అవస్థపడేవాళ్ల కోసం. 1954లో స్ట్రాటోకాస్టర్. ఈ మూడింటి ఆకారం మీరు ఏ సినిమా ఆడియో ఫంక్షన్‌లోనైనా చూసే ఉంటారు.

ఇవన్నీ చేసిన మనిషికి గిటార్ వాయించడం రాదు. శ్రుతి చేయడం కూడా రాదంటారు. చిన్నప్పుడు శాక్సోఫోన్ వాయించాడు, అంతే. అందుకే వాయించేవాళ్లని పట్టుకుని అడిగేవాడు. ఫ్రెడ్డీ టవారెస్ అని హవాయి నుంచి వచ్చిన స్టీల్ గిటార్ కళాకారుడు 1953లో కంపెనీలో చేరాడు. స్ట్రాటోకాస్టర్ గీతల్లో అతని చెయ్యి ఉంది. కొత్త ఆంప్ తయారైతే క్లబ్బుల్లో వాయించేవాళ్లకి ఇచ్చి, రాత్రి వెళ్లి వినేవాడు లియో. పాట మధ్యలోనే స్టేజీ ఎక్కి ఆంప్ వెనక చేరి ఏదో సరిచేసేవాడని పాతకాలం వాళ్లు చెప్పుకుంటారు. ఊహించుకుంటేనే నవ్వొస్తుంది.

ఆయనకి ఇష్టమైంది కంట్రీ మ్యూజిక్. శుభ్రంగా, గంట కొట్టినట్టు మోగాలి. బొంగురు ఆయన లెక్కలో రోగం. ఏడాదికేడాది సర్క్యూట్లు మార్చుతూ పోయింది ఎక్కువగా దాన్ని తగ్గించడానికే. డిక్ డేల్ అనే కుర్రాడు ఈ పట్టుదలకి పెద్ద పరీక్ష పెట్టాడు. ఎడమ చేతివాడు, లావు తీగలు, బాదుడే బాదుడు. సముద్రం అలల హోరు గిటార్‌లో రావాలని అతని పట్టు. లియో ఇచ్చిన ఆంప్‌లు ఒకదాని తర్వాత ఒకటి కాలిపోయాయి. ల్యాబ్‌లో గట్టిగానే ఉంది కదా అని లియోకి అర్థం కాలేదు. చివరికి లియో, ఫ్రెడ్డీ కలిసి బాల్బోవాలో డేల్ వాయించే రాందేవూ బాల్‌రూమ్‌కి వెళ్లి జనం మధ్య నిలబడ్డారు. వేల మంది ఒళ్లు ఆ సౌండ్‌ని ఎలా మింగేస్తాయో అక్కడ తెలిసింది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, 15 అంగుళాల జేబీఎల్ స్పీకర్ పెట్టి షోమ్యాన్ అనే ఆంప్ తయారైంది. గట్టిగా, కానీ శుభ్రంగా.

ఇంతలో సముద్రానికి అటువైపు ఇంకో కథ నడుస్తోంది. బాస్ గిటార్ కోసమని లియో బాస్‌మ్యాన్ అనే ఆంప్ చేశాడు. 1950ల చివరికి అందులో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు ఉండేవి. మామూలు గిటార్ వాళ్లు దాన్ని లాక్కున్నారు. లండన్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్మర్‌కి సంగీత పరికరాల షాపు ఉంది. అమెరికా ఆంప్‌లు అక్కడ చాలా ఖరీదు. 1962 ప్రాంతంలో ఆయన షాపు కుర్రాళ్లు బాస్‌మ్యాన్ సర్క్యూట్‌నే తీసుకుని, దొరికిన భాగాలతో ఆంప్ కట్టారు. మొదటి ట్యూబ్‌గా ఎక్కువగా పెంచేదాన్ని వాడారు, స్పీకర్లు మూసిన పెట్టెలో పెట్టారు. అది లియోది కన్నా తొందరగా బొంగురు పోయేది. ఇంగ్లీష్ కుర్రాళ్లకి కావాల్సింది సరిగ్గా అదే. 1969లో వుడ్‌స్టాక్‌లో జిమీ హెండ్రిక్స్ అమెరికా జాతీయ గీతాన్ని గిటార్ మీద చింపి పోగులు పెట్టాడు. చేతిలో ఉన్నది లియో స్ట్రాటోకాస్టర్. వెనక ఉన్నవి లియో సర్క్యూట్ నుంచి పుట్టిన మార్షల్ ఆంప్‌లు. ఈ చివరా ఆ చివరా ఆయనవే, మధ్యలో వచ్చే శబ్దం మాత్రం ఆయన జీవితమంతా బల్ల మీద పెట్టి వదిలించాలని చూసిన శబ్దం.

అప్పటికి కంపెనీ ఆయన చేతిలో లేదు. 1955లో సైనస్‌కి ఇన్‌ఫెక్షన్ సోకింది. పదేళ్లు వదల్లేదు. ఇక ఎక్కువ రోజులు ఉండననుకుని, ఉన్నదంతా ఒక కొలిక్కి తెద్దామని కంపెనీని అమ్మకానికి పెట్టాడు. 1965 జనవరిలో టీవీ సంస్థ సీబీఎస్ కోటీ 30 లక్షల డాలర్లకి కొంది. 600 డాలర్ల అప్పు గుర్తుంది కదా. డబ్బు సంగతి సరే. తర్వాత లియో డాక్టర్‌ని మార్చాడు, జబ్బు నయమైపోయింది. ఇక్కడ చదవడం ఆపి కాసేపు కూర్చుండిపోయాను. తప్పు ఎక్కడుందో వెతకడంలో అంతటి మనిషి, తన ఒంటి విషయంలో ఒక్క డాక్టర్ మాట మీద పదేళ్లు నడిచాడు.

అమ్మింది ఫ్యాక్టరీనే కాదు, పేరు కూడా. ఇక మీదట ఆయన ఏం చేసినా దాని మీద ఫెండర్ అని రాసుకోవడానికి లేదు. పదేళ్లు పోటీకి రాకూడదన్న షరతు కూడా ఉంది. ఆ గడువు అయ్యాక 1975లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీకి ప్రెసిడెంట్ అయ్యాడు. అక్కడ స్టింగ్‌రే అనే బాస్ చేశాడు. 1979లో పాత సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ పెట్టాడు. జార్జ్ అండ్ లియో. ఇంటిపేరు పెట్టుకోలేడు కాబట్టి మొదటి అక్షరం. తమాషా ఏంటంటే ఆ ఫ్యాక్టరీ ఉన్న వీధి పేరు ఫెండర్ అవెన్యూ. అదే ఏడాది ఎస్తర్ కేన్సర్‌తో చనిపోయింది. తర్వాత ఫిలిస్‌ని పెళ్లి చేసుకున్నాడు.

పార్కిన్సన్స్ వచ్చింది. చేతులు వణికే జబ్బు, చేతులతో బతికిన మనిషికి. అయినా రోజూ బల్ల దగ్గరికి వెళ్లాడు. 1991 మార్చి 21న చనిపోయాడు. ముందు రోజు కూడా పనిలోనే ఉన్నాడట. జి అండ్ ఎల్ వాళ్లు ఆ గదిని ఆయన వదిలేసి వెళ్లినట్టే ఉంచారు.

మా ఫెస్ట్ సంగతి చెప్పి ఆపేస్తా. ఆంప్ శుభ్రంగా మోగింది. మెకానిక్ తాతగారిని పిలిచాం, వస్తారనుకోలేదు, స్కూటర్ మీద వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. మొదటి రెండు పాటలకి తల ఊపారు. మూడో పాటకి మా గిటారిస్ట్ వెనక్కి తిరిగి వాల్యూమ్ నాబ్‌ని 12 దాకా తిప్పేశాడు. చెవులు చిల్లులు పడేలా బొంగురు. జనం కుర్చీల మీద ఎక్కి అరుస్తున్నారు. నేను స్టేజీ పక్కన నిలబడి ఉన్నా. ఆ గోలలోంచి తాతగారు గాభరాగా తోసుకుంటూ వచ్చి, కండెన్సర్ మళ్లీ పోయినట్టుంది నాయనా, ఆపమను అని నా చెవిలో అరుస్తూ చొక్కా జేబులోంచి ఇంకో పసుపు కండెన్సర్ తీశారు.